మిక్సీయా, ఫుడ్ ప్రాసెసరా? వంటింటి యంత్రం పదేళ్ళు మన్నాలంటే చూడవలసినవి

పండుగకు వారం రోజుల ముందు ఏ తెలుగు పట్టణంలోనైనా విద్యుత్ పరికరాలు బాగుచేసే దుకాణానికి వెళితే బల్లమీద మిక్సీలే వరుసగా కనిపిస్తాయి. ఏడాది పొడవునా రోజుకొక పచ్చడి, వారానికొక పొడి చేసిపెట్టిన యంత్రం గారెలపప్పు గట్టిగా రుబ్బవలసిన నాడే మొండికేస్తుంది. ఇది దురదృష్టం కాదు. ఆనాడు దానిమీద పడే బరువు మిగతా రోజులకంటే ఎక్కువ. అంతవరకు కంటికి కనబడకుండా జరిగిన అరుగుదల ఆ బరువుకు ఒక్కసారిగా బయటపడుతుంది.

బజారులో సాధారణ మిక్సీలు రెండు వేల రూపాయల నుంచి ఎనిమిది వేల వరకు, ఫుడ్ ప్రాసెసర్లు అంతకు పైన దొరుకుతున్నాయి. మధ్యతరగతి కుటుంబానికి ఇది ఒక నెల వెచ్చాల ఖర్చుతో సమానం. మూడేళ్ళకే యంత్రం మూలపడితే ఆ సొమ్ము మళ్ళీ పెట్టాలి. ఈలోగా పని ఇంట్లో ఎవరో ఒకరి చేతులమీద పడుతుంది. ఆ ఒకరు ఎవరన్నది చెప్పనక్కరలేదు. అయినా కొనేటప్పుడు చాలామంది చూసేవి మూడే: రంగు, వాట్లు, రాయితీ. మన్నికను నిర్ణయించే భాగాలు ఈ మూడింటిలోనూ లేవు.

భారతీయ వంటకు అవసరమైన యంత్రం మొదటినుంచీ వేరు. పాశ్చాత్య దేశాల బ్లెండర్‌ను మెత్తని పండ్లు, సూపులు, సాస్‌ల కోసం రూపొందించారు. మన వంటింట్లో అదే యంత్రం నానిన మినప్పప్పును చాలీచాలని నీటితో రుబ్బాలి, ఎండుకొబ్బరిని కోరాలి, మిరియాలను, ధనియాలను పొడిచేయాలి. రోలు, సన్నికల్లు, తిరగలి అనే మూడు వేర్వేరు పరికరాలు చేసిన పనిని ఒక్క మోటారు భుజాన వేసుకోవాలి. 1960వ దశకం ఆరంభంలో సీమెన్స్ ఇండియా సంస్థలో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో విదేశీ మిక్సర్ ఒకటి ఈ పని తట్టుకోలేక పాడైంది. ఆయన భార్య మాధురి మాథుర్ అవసరం నుంచే, భారతీయ దినుసులను నలగగొట్టగల మోటారు తయారు చేయాలన్న ఆలోచన పుట్టింది. 1963లో మొదలైన 'సుమీత్' మిక్సీ చరిత్ర అదే. తరువాత వచ్చిన అనేక సంస్థలు ఆ బాటలోనే నడిచాయి.

ఫుడ్ ప్రాసెసర్ పుట్టుక వేరు. అది ఫ్రాన్సులో హోటళ్ళ వంటశాలల కోసం రూపొందిన యంత్రం. 1973లో కార్ల్ సొంథైమర్ అనే ఇంజనీరు దానిని గృహావసరానికి తగ్గట్టు మార్చి 'క్విజినార్ట్' పేరిట అమెరికా బజారులో ప్రవేశపెట్టారు. వెడల్పాటి గిన్నె, ఆంగ్ల అక్షరం 'ఎస్' ఆకారంలో బ్లేడు, తరగడానికి, తురమడానికి పళ్ళాలు, పిండి కలపడానికి మరొక బ్లేడు దాని ప్రధాన భాగాలు. కూరగాయలు కోయడం, పిండి ముద్దచేయడం దాని పనులు. మెత్తగా నూరడం దాని స్వభావం కాదు. వెడల్పు గిన్నెలో దినుసులు గోడల వైపు ఎగిరిపోయి బ్లేడుకు అందవు. కొద్దిపాటి అల్లం, పచ్చిమిర్చి వేసి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

మన దేశంలో ఫుడ్ ప్రాసెసర్ పేరిట అమ్ముడయ్యేవాటిలో చాలా మటుకు ఈ రెండింటి కలయిక. ఒకే మోటారుమీద మిక్సీ జార్లు మూడు, పెద్ద గిన్నె ఒకటి అమరుతాయి. కాబట్టి కొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న, ఆ ఇంట్లో రోజూ జరిగే పని ఏది అన్నది. ఆరుగురికి చపాతీలు, రోజుకు కిలో కూరగాయల తరుగుడు ఉన్న ఇంటికి ప్రాసెసర్ నిజంగా ఉపకరిస్తుంది. ఉదయం కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం గోంగూర, నెలకొకసారి కందిపొడి చేసుకునే నలుగురి కుటుంబానికి గట్టి మిక్సీ చాలు. అటువంటి ఇంట్లో ప్రాసెసర్ పెట్టెలోని తురుము పళ్ళాలు, నారింజరసం తీసే గిన్నె కొన్న ఆరు నెలలకే అటకెక్కుతాయి. వాడని భాగానికి పెట్టిన డబ్బుతో మెరుగైన మోటారు వచ్చి ఉండేదన్న సంగతి అప్పటికి గుర్తుకురాదు.

మోటారు గుట్టు

మిక్సీలో తిరిగేది యూనివర్సల్ మోటారు. ఫ్యానులోనో, నీళ్ళ పంపులోనో ఉండే ఇండక్షన్ మోటారుకు, దీనికి చాలా తేడా ఉంది. యూనివర్సల్ మోటారు చిన్నది, తేలికైనది. జార్ లేకుండా వదిలితే నిమిషానికి 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది. ఈ వేగానికి అది చెల్లించే మూల్యం అరుగుదల. తిరిగే ఆర్మేచర్‌కు విద్యుత్తును అందించేవి రెండు చిన్న కార్బన్ ముక్కలు. మెకానిక్కులు వీటిని 'కార్బన్లు' అంటారు. ఇవి కమ్యుటేటర్ అనే రాగి వలయంమీద నిరంతరం రాసుకుంటూ ఉంటాయి. రాసుకునేది అరిగిపోక తప్పదు. అందువల్ల కార్బన్లు అరగడం లోపం కాదు, అది వాటి పని. వాటిని సులువుగా మార్చుకొనే వీలు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అరిగిన కార్బన్లను మార్చకుండా నడిపితే నిప్పురవ్వలు పెరిగి కమ్యుటేటర్ పాడవుతుంది. కొద్దిపాటి సొమ్ముతో పోయే పని అప్పుడు ఆర్మేచర్ మార్చేదాకా వస్తుంది.

వాట్ల విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. పెట్టెమీద 750 అని రాసి ఉంటే అది యంత్రం తీసుకునే విద్యుత్తు. బ్లేడుకు అందే బలం కాదు. తీసుకున్నదానిలో కొంత భాగం వేడిగానూ, చప్పుడుగానూ పోతుంది. నాణ్యమైన 500 వాట్ల మోటారు నాసిరకం 750 వాట్ల మోటారుకంటే బాగా రుబ్బవచ్చు. అయినా నానిన పప్పులు, ఎండు దినుసులు తరచుగా వేసే ఇంటికి 750 వాట్లు తగిన మెట్టు. అంతకుమించిన వాట్లు పెద్ద జార్లు, పిండి కలిపే గిన్నె ఉన్నప్పుడే అక్కరకు వస్తాయి. కరెంటు బిల్లు గురించి కలత అక్కరలేదు. 750 వాట్ల యంత్రాన్ని రోజుకు పది నిమిషాలు నడిపితే అయ్యేది యూనిట్‌లో ఎనిమిదో వంతు. నెలంతా కలిపినా నాలుగు యూనిట్లకు చేరదు.

వాట్లకంటే ముఖ్యమైన అంకె ఒకటి యంత్రం అడుగున రేటింగ్ పట్టీమీద ఉంటుంది. దానిని చదివేవారు అరుదు. '30 నిమిషాలు, 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్' అన్న తరహాలో రాసి ఉంటుంది. ఐదు నిమిషాలు నడిపిన తరువాత రెండు నిమిషాలు విశ్రాంతినివ్వాలని, ఈ విధంగా మొత్తం అరగంటకు మించకూడదని దాని అర్థం. యూనివర్సల్ మోటారు ఎడతెరిపి లేకుండా తిరగడానికి పుట్టినది కాదు. ఇరుసుకే బిగించిన చిన్న ఫ్యాను లోపలి వేడిని బయటికి నెడుతుంది. ఆ గాలి అడుగునున్న రంధ్రాలగుండా ప్రవహించాలి. చప్పుడు తగ్గుతుందని యంత్రం కింద మందపాటి గుడ్డ మడిచిపెట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆ గుడ్డ చప్పుడును కొంత తగ్గించే మాట నిజమే. గాలిని కూడా ఆపేస్తుంది.

తక్కువ వోల్టేజీ మరొక శత్రువు. వోల్టేజీ పడిపోయినప్పుడు మోటారు వేగం తగ్గుతుంది, దానితోపాటు ఫ్యాను వేగమూ తగ్గుతుంది. గట్టిపిండిలో బ్లేడు బిగుసుకొని కదలక మొరాయిస్తే తీగచుట్టలో ప్రవాహం పెరిగి వేడి ఎక్కువవుతుంది. చల్లబరిచే గాలి తగ్గి, వేడి పెరిగే ఈ స్థితిలోనే తీగచుట్ట పూత మాడి వాసన వస్తుంది. కొత్త యంత్రం మొదటి రెండు మూడు సార్లు వాడినప్పుడు స్వల్పంగా వార్నిష్ వాసన రావడం మామూలే. పాతబడ్డ యంత్రంలో ఆ వాసన వచ్చిందంటే వెంటనే ఆపివేయాలి.

ఇలాంటి సందర్భంలో యంత్రాన్ని కాపాడేది ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. మితిమీరిన బరువు పడగానే అది సరఫరాను తెంచివేస్తుంది. కొంతసేపు చల్లారనిచ్చి అడుగునున్న చిన్న బటన్‌ను, చాలా వాటిలో అది ఎర్రగా ఉంటుంది, లోపలికి నొక్కితే యంత్రం మళ్ళీ నడుస్తుంది. ఈ బటన్ సంగతి తెలియక పని చేసే మిక్సీని మరమ్మతుకు తీసుకువెళ్ళేవారు ఎందరో. ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి. మాటిమాటికీ ఆగిపోతోందన్న విసుగుతో ప్రొటెక్టర్‌ను తొలగించి తీగలను నేరుగా కలిపించుకునేవారు ఉన్నారు. పని నడుస్తుంది. కాని ఇక మోటారుకు, మంటకు నడుమ అడ్డు ఏదీ ఉండదు.

తీగచుట్ట రాగిదా, అల్యూమినియందా అని తప్పక అడగాలి. అల్యూమినియం విద్యుద్వాహకత రాగిలో సుమారు 61 శాతమే. అదే మందం తీగలో వేడి ఎక్కువగా పుడుతుంది, అతుకుల వద్ద తొందరగా తుప్పుపొర కడుతుంది. పూర్తిగా రాగి చుట్ట ఉన్న యంత్రం పెట్టెమీద ఆ మాట సాధారణంగా స్పష్టంగా రాసి ఉంటుంది. రాయలేదంటే అడిగి తెలుసుకోవడం మేలు. ఇరుసుకు బాల్ బేరింగులు ఉంటే బుష్ కంటే ఎక్కువకాలం వస్తాయి. బరువు కూడా ఒక ఆనవాలే. మరీ తేలికగా ఉండి, చేయి వేస్తే బల్లమీద జారిపోయే యంత్రంలో రాగి, ఇనుము తక్కువగా ఉండే అవకాశం ఉంది.

ఇటీవల కార్బన్లు అవసరంలేని బీఎల్‌డీసీ మోటార్లతో మిక్సీలు వస్తున్నాయి. అరుగుదల తక్కువ, వేగంమీద అదుపు ఎక్కువ. అయితే వాటిని నడిపేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. అది చెడిపోతే వీధి చివరి మెకానిక్ చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు. సంస్థ సేవాకేంద్రం దగ్గరలో ఉన్న ఊళ్ళవారికే అవి అనుకూలం.

జార్ దగ్గర మొదలయ్యే చావు

చాలా మిక్సీలు మోటారు లోపంతో చావవు, జార్ లోపంతో చస్తాయి. జార్ అడుగున బ్లేడు ఇరుసు తిరిగేచోట ఒక బుష్, నీరు కిందికి దిగకుండా ఒక సీలు ఉంటాయి. సీలు అరిగినప్పుడు పచ్చడి నీరు చుక్కచుక్కగా మోటారుమీదికి జారుతుంది. ఉప్పు, పులుపు కలిసిన ఆ నీరు బేరింగును, తీగచుట్టను తినేస్తుంది. జార్ కింద నల్లటి జిడ్డు కనిపించిన రోజే దానిని బాగుచేయించాలి. జార్‌లో సగం వరకు నీరు పోసి పొడి కాగితంమీద అరగంట ఉంచితే కారుడు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అంట్లతోపాటు జార్‌ను రాత్రంతా సింకు నీటిలో నానబెట్టడం సీలును పాడుచేసే ప్రధానమైన అలవాటు. వాడిన వెంటనే కాసిని నీళ్ళు పోసి ఒక క్షణం తిప్పి, కడిగి, బోర్లించి ఆరబెడితే చాలు.

స్టీలు విషయంలో అయస్కాంతం పరీక్ష ఒకటి బాగా ప్రచారంలో ఉంది. అయస్కాంతం అంటకపోతే మేలిరకం అని దుకాణాల్లో చెబుతారు. ఇది సగం నిజం. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పును బాగా తట్టుకుంటుంది. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ఉప్పు, చింతపండు పులుసు ముందు దాని ఓర్పు తక్కువ. అయితే ఈ రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటవు. కాబట్టి ఆ పరీక్ష వీటిని వేరుచేయలేదు. జార్‌మీదగాని, సూచనల పుస్తకంలోగాని రకం సంఖ్య రాసి ఉందేమో చూడడమే మార్గం.

ఫుడ్ ప్రాసెసర్ గిన్నెలు ఎక్కువగా పాలికార్బనేట్ వంటి పారదర్శక ప్లాస్టిక్‌తో చేసినవి. వేడి పదార్థం, నూనె, గరుకు పీచు వీటికి పడవు. పసుపు మరక ఒకసారి పడితే పోదు. వాసన, మరక సంగతి ఎలా ఉన్నా, గిన్నె మూతను పట్టి ఉంచే చిన్న గడియలే ముందుగా విరిగేవి. ఆ గడియ విరిగితే భద్రతా తాళం పడక యంత్రం అసలు కదలదు. గిన్నె విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అన్నది కొనేముందే అడగవలసిన మాట.

మోటారును, జార్‌ను కలిపే పళ్ళచక్రాన్ని కప్లర్ అంటారు. ఇది రబ్బరుతోనో నైలాన్‌తోనో చేసి ఉంటుంది. బ్లేడు బిగుసుకుపోయినప్పుడు కప్లర్ అరిగి, విరిగి మోటారును కాపాడుతుంది. తక్కువ ధర భాగం బలియై ఎక్కువ ధర భాగాన్ని నిలబెట్టే ఏర్పాటు ఇది. కప్లర్ విరిగిందని యంత్రాన్ని తిట్టడం న్యాయం కాదు. నెలకొకసారి విరుగుతుంటే మాత్రం జార్ సరిగా కూర్చోవడం లేదనో, జార్‌లో మోతాదు మించుతోందనో అర్థం. జార్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. ఎండు పసుపు కొమ్ములను నేరుగా వేయకూడదు. వాటిని ముందు రోట్లో చిన్న ముక్కలుగా దంచుకోవాలి, లేదా మరకు పంపాలి. వేడి సాంబారు దినుసులను చల్లారకుండా మూతపెట్టి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది. కాలిన చేతుల ఉదంతాలు ఇందువల్లనే వింటుంటాం.

బ్లేడు విషయంలో ఒక విదేశీ అనుభవం గుర్తుంచుకోదగినది. 2016 డిసెంబరులో అమెరికాలో ఒక ప్రసిద్ధ సంస్థ దాదాపు 80 లక్షల ఫుడ్ ప్రాసెసర్లలోని బ్లేడ్లను వెనక్కి పిలిచింది. రివెట్లతో బిగించిన ఆ బ్లేడ్లు కాలక్రమంలో పగిలి, లోహపు ముక్కలు ఆహారంలో కలుస్తున్నట్లు తేలింది. ఇంట్లో ఉన్న బ్లేడును కూడా ఏడాదికి రెండు మూడు సార్లు వెలుతురులో పట్టి చూడాలి. గీత వంటి పగులు, కదులుతున్న రివెట్, విరిగిన అంచు ఏది కనబడినా ఆ బ్లేడును వాడకూడదు.

రుబ్బుడు పని వేరుచేస్తే

ఇడ్లీ, దోసె పిండి ఎక్కువగా వాడే ఇళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. వారానికి రెండుసార్లు కిలో పప్పును మిక్సీకి అప్పగిస్తే దాని ఆయుష్షు సహజంగానే తగ్గుతుంది. పిండి కూడా వేడెక్కుతుంది. వెట్ గ్రైండర్ ఈ పనికే పుట్టింది. కోయంబత్తూరులో 1955లో పి.సభాపతి తొలి వెట్ గ్రైండర్‌ను రూపొందించారు. ఆ నగరపు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తమిళనాడు ప్రభుత్వం 2011లో ఉచితంగా మిక్సీ, గ్రైండర్, ఫ్యాను పంచే పథకం చేపట్టడంతో రాతి గ్రైండర్ పేద ఇళ్ళకూ చేరింది. ఇందులో ఉండేది బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు. మెల్లగా తిరుగుతుంది, ఎక్కువసేపు తిరుగుతుంది. అరిగేవి బెల్టు, బుష్‌లు. రెండూ తక్కువ ఖర్చుతో మారతాయి.

ఐదారుగురున్న ఇంటికి ఖరీదైన ప్రాసెసర్ ఒకటి కొనడంకంటే, మధ్యరకం మిక్సీ ఒకటి, రెండు లీటర్ల గ్రైండర్ ఒకటి కొనడం చాలా సందర్భాల్లో తెలివైన పని. ఒకటి చెడినా రెండవది ఉంటుంది. చోటు లేని ఫ్లాట్లలో మాత్రం ఈ సలహా చెల్లదు.

ఇంటి మిక్సీతో కర్రీ పాయింటు నడిపేవారు, పొడులు, పచ్చళ్ళు చేసి అమ్మే మహిళలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గృహ వినియోగానికి మాత్రమే అని రాసి ఉన్న యంత్రాన్ని వ్యాపారానికి వాడితే వారంటీ వర్తించదని సంస్థలు షరతు పెడతాయి. రోజుకు గంటల తరబడి తిరగవలసిన పనికి కమర్షియల్ రకం వేరుగా ఉంటుంది. దాని ధర ఎక్కువే. కాని ఆర్డరు ఉన్న రోజున మోటారు కాలిపోతే పోయేది యంత్రం ఒక్కటే కాదు, ఆ రోజు ఆదాయమూ, గిరాకీ నమ్మకమూ.

విదేశాల్లోని తెలుగువారు ఇక్కడినుంచి మిక్సీ తీసుకువెళ్ళడం ఇంకా తగ్గలేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా, యూఏఈ దేశాల్లో సరఫరా మనదాని వలెనే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్ ఒక్కటే మారుతుంది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన మిక్సీ అక్కడ నేరుగా పెడితే నీరసంగా కదులుతుంది, రుబ్బదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని పెంచగలదు, హెర్ట్జ్‌ను మార్చలేదు. మిక్సీలోని యూనివర్సల్ మోటారుకు ఆ తేడా పెద్దగా పట్టదు. గ్రైండర్‌లోని ఇండక్షన్ మోటారు మాత్రం 60 హెర్ట్జ్‌మీద దాదాపు 20 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా దాని సామర్థ్యం మిక్సీ వాట్లకు రెట్టింపు ఉండడం క్షేమం. అంతకంటే ఆ దేశపు వోల్టేజీకే తయారైన భారతీయ మిక్సీని అక్కడే కొనడం సులువు.

ముద్ర, రసీదు, మరమ్మతు

గృహావసర మిక్సర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణం ఐఎస్ 4250. ఐఎస్ఐ ముద్ర ఉన్న యంత్రంమీద ఈ సంఖ్యతోపాటు సీఎం/ఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేస్తే లైసెన్సు ఎవరి పేరిట ఉందో, అమలులో ఉందో లేదో తెలుస్తుంది. దుకాణంలో నిలబడే ఈ పరీక్ష చేయవచ్చు. నిమిషం పట్టదు.

తడి చేతులతో తాకే యంత్రం కాబట్టి ప్లగ్‌ను కూడా చూడాలి. మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్తింగు అవసరమైనదని అర్థం. ఇంట్లో ఎర్తు తీగ సరిగా లేకపోతే మూడో పిన్ను అలంకారమే. రెండు పిన్నులే ఉంటే యంత్రంమీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉండాలి. అది రెట్టింపు ఇన్సులేషన్ చేసిన పరికరానికి గుర్తు. ఆ గుర్తు లేని రెండు పిన్నుల మిక్సీని వంటింట్లోకి రానీయకపోవడం మంచిది.

వారంటీ కాగితంలో పెద్ద అక్షరాలు ఒక మాట చెబితే చిన్న అక్షరాలు మరొకటి చెబుతాయి. 'మోటారుకు ఐదేళ్ళు' అని ఉన్నచోట కార్బన్లు, కప్లర్, జార్లు, బ్లేడ్లు, స్విచ్చి సాధారణంగా అందులో చేరవు. తరచుగా పాడయ్యేవి అవే. అందుకే వారంటీ ఎన్నేళ్ళన్న ప్రశ్నకంటే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న విలువైనది. దీనికి జవాబు అమ్మే దుకాణంలో దొరకదు, బాగుచేసే దుకాణంలో దొరుకుతుంది. కొనేముందు ఊళ్ళో పేరున్న మెకానిక్‌ను ఒక్కసారి అడిగితే చాలు. ఏ రకం జార్ బుష్ వెంటనే దొరుకుతుంది, దేనికి నెల రోజులు పడుతుంది, ఏ యంత్రం విప్పడానికి వీలైన స్క్రూలతో ఉంది అన్నది ఆయనకు కంఠస్థం. ఆయన బల్లమీద ఎక్కువగా కనిపించే బ్రాండు నాసిరకమని తొందరపడి అనుకోవద్దు. ఊళ్ళో ఎక్కువగా అమ్ముడైనదీ అదే కావచ్చు. అక్కడికి వచ్చి బాగై వెళుతున్నదా, వచ్చి పడి ఉంటున్నదా అన్నది చూడాలి.

మరమ్మతు అవకాశం వినియోగదారు హక్కు అన్న భావన ఇప్పుడు విధానాల్లోకీ వచ్చింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. గృహోపకరణాలు అందులో ఒక విభాగం. 2020 జులై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం రసీదు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును రసీదులో చెప్పిన గడువులోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. గడువేదీ రాయకపోతే అది 30 రోజులు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడమీద రాసిపెట్టుకున్నంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో ఈ నిబంధన చెల్లకుండా పోదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915. అక్కడ తేలకపోతే కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వివాదం తలెత్తిన నాటినుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. ఐదు లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు.

ఈ హక్కులు అక్కరకు రావాలంటే లోపం తొలి రోజుల్లోనే బయటపడాలి. కొత్త యంత్రాన్ని పండుగదాకా పెట్టెలో దాచడం, లేదా మజ్జిగ చిలకడానికే వాడుతూ రావడం అందుకు అడ్డు. తెచ్చిన వారంలోపే మూడు పనులు చేయించి చూడాలి. నాలుగు గంటలు నానిన మినప్పప్పును కొద్దిపాటి నీటితో గట్టిగా రుబ్బించాలి. వేయించి చల్లార్చిన ధనియాలు, మిరపకాయలను పొడి చేయించాలి. పెద్ద జార్‌లో నీరు నింపి అడుగున తడి ఉందేమో చూడాలి. ప్రాసెసర్ అయితే సూచనల పుస్తకంలో చెప్పిన గరిష్ఠ మోతాదు గోధుమపిండిని ఒకసారి కలిపించాలి. రేటింగ్ పట్టీ మీది విరామం పాటిస్తూ చేసిన ఈ పనులకే ప్రొటెక్టర్ తెగిపోయినా, మాడువాసన ఆగకపోయినా, జార్ కదిలినా రసీదు, అట్టపెట్టెతో సహా అదే వారం దుకాణానికి తీసుకువెళ్ళాలి. రసీదు అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోయే రకం కాగితమైతే, ఆ రోజే దానిని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవాలి.